వ్యాజస్తుతి అన్నాడు దాసయ్య

దాసయ్య జమ్మలమడుగులో తెలుగు పండితుడు. పాతికేళ్లుగా పిల్లలకు అలంకారాలు చెబుతున్నాడు. ఎన్నికలొస్తే ఆ పక్క పెద్ద నాయకుడు ఉపన్యాసాలు ఆయన చేతే రాయించుకునేవాడు. కొట్లాటల కాలం. నాయకుడి జీపులో చోటు దొరకడమంటే మాటలు కాదు. దాసయ్యకు అదొక గర్వం.

తొంభైనాలుగులో మైకు పట్టడానికి గఫూర్‌ను తెచ్చారు. దర్జీ. అయిదో తరగతి దాటలేదు.

"మన రోడ్డు ముసలోని పండ్ల మాదిరుందప్పా! ఈడొకటి, ఆడొకటి!" అని గఫూర్ అరిస్తే జనం పగలబడి నవ్వారు. ఉపమాలంకారం, లక్షణంగా కుదిరింది అనుకున్నాడు దాసయ్య. తాను నాయకుణ్ణి సూర్యుడితో పోల్చి రాసిన పేజీకి ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆ పేజీని నలిపి జేబులో కుక్కుకున్నాడు.

తొండూరు సభలో గఫూర్ ఇంకో మాటన్నాడు. "మా అన్న అడుగుపెడితే ఊర్లో కుక్క గూడా మొరగదు!" ఈలలే ఈలలు.

తిరిగి వస్తూ నాయకుడు మురిసిపోయాడు. "భలే చెప్పినాడు గదా సార్?"

దాసయ్య నోరు ఆగలేదు. "అది వ్యాజస్తుతి. పైకి పొగడ్త, లోపల తిట్టు. కుక్క మొరగకుండా ఉండేది అలవాటైన దొంగను చూసే గదా."

నాయకుడి మొహం నల్లబడింది. "అవతలోళ్లు అనిపించినారంటావా?"

దాసయ్య అవుననలేదు. కాదనీ అనలేదు.

మర్నాడు గఫూర్ కుట్టుమిషను వీధిలో పడింది. ఎడమచెయ్యి విరిగింది. భార్య జైనబ్‌ను తీసుకుని ప్రొద్దుటూరు వెళ్లిపోయాడు. మైకు దాసయ్యకొచ్చింది. ఆయన మాట్లాడుతుంటే జనం బీడీలు ముట్టించుకున్నారు. మూడో రోజు గొంతు నొప్పని చెప్పి మానుకున్నాడు.

ఆరు నెలలు మనసున పట్టక, ఒక ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే ప్రొద్దుటూరు బస్సెక్కాడు. బట్టల అంగడి అరుగు మీద గఫూర్ కాజాలు కుడుతున్నాడు. ఎడమచెయ్యి సరిగా మడత పడడం లేదు.

"ఆ రోజు చెప్పింది నేనే గఫూర్. నువ్వు తిట్టినావని."

సూది ఆగింది. "నేను పొగిడినా గదా సార్?"

"వ్యాజస్తుతి అని చెప్పినా. పొగిడినట్టు పొగిడి తిట్టడం."

గఫూర్ సూదిని గుడ్డకు గుచ్చి పక్కన పెట్టాడు. తర్వాత పక్క అంగడి వాళ్లకు వినబడేలా అన్నాడు: "మా సారు శానా గొప్పోడప్పా. చెయ్యెత్తకుండానే నా చెయ్యి ఇరగ్గొట్టినాడు!"

దాసయ్య తల వంచుకున్నాడు. సిగ్గుపడ్డాడు, కానీ సిగ్గుకంటే ముందు ఆయనకు కలిగింది అసూయే. పాతికేళ్లలో ఇంత మంచి ఉదాహరణ తనకు తట్టలేదు.

క్షమించమని అడిగాడు. గఫూర్ సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

ఆ తర్వాత దాసయ్య ఏ సభకూ ఉపన్యాసం రాయలేదు. రిటైరయ్యేదాకా తరగతిలో వ్యాజస్తుతికి ఉదాహరణగా అరుగు మీద విన్న ఆ మాటే చెప్పేవాడు. ఎవరన్నారో మాత్రం ఒక్కసారీ చెప్పలేదు.