ఏడు చక్రాలూ మూసుకుపోయిన అక్క

మా అక్క ప్రతి శనివారం సాయంత్రం ఒక మంచం మీద వెల్లకిలా పడుకుంటుంది. ఒకావిడ పొట్ట కింద నుంచి నడినెత్తి దాకా ఆమె మీద ఏడు బొమ్మల కార్డులు పరుస్తుంది. ఆ కార్డుల్లో మా అక్క మనసు కనబడుతుందట. పుట్టిన దగ్గర్నుంచి పక్కనే ఉన్న నాకు కనబడనిది అట్టముక్కలకి కనబడుతుందంటే నాకు ఒళ్ళు మండేది.

ఆ కార్డులావిడ అంతకుముందు బ్యూటీ పార్లర్ నడిపేది. కనుబొమ్మ మీద దారం ఆడుతున్నంతసేపూ ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని ఇంటిగుట్టంతా చెప్పుకునేవాళ్ళు, ఈవిడ ఊఁ కొట్టేది. వీధిలో ఇంకో రెండు పార్లర్లు వచ్చి గిరాకీ పడిపోయాక, ఫోన్లో వీడియోలు చూసి ఏదో నేర్చుకుని బోర్డు మార్చేసింది. టారో కార్డులు ఒక విద్య, శరీరంలో ఏడు చక్రాలు ఇంకో విద్య. రెండూ విడివిడిగా చెబితే ఎవరూ రారనుకుందో ఏమో, ఒక్కో చక్రం మీద ఒక్కో కార్డు పెట్టి రెండిటికీ ముడి వేసింది. మంచం మాత్రం పాతదే, ఫేషియల్ చేసేది. వీధిలో ఆవిణ్ణి చక్రాలావిడ అంటారు. నాలుగు చక్రాలున్న బండి కదులుతుంది, రెండున్నదీ కదులుతుంది. ఏడున్న ఈవిడ దగ్గరికి మాత్రం జనమే నడిచి వెళ్ళాలి.

వెళ్ళేవాళ్ళని అనాలి ముందు. మందుల షాపు యజమానురాలు వెళ్ళేది. బడి హెడ్మిస్ట్రెస్ వెళ్ళేది. గొంతు చక్రం తెరుచుకోవాలని ఆవిడ నెల రోజులు నీలం బట్టలే కట్టింది. అసలే ఆ గొంతు మూడు వీధులకి వినబడుతుంది, ఇంకా తెరుచుకుని ఎవరిని ఉద్ధరించాలో. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

నేను వాషింగ్ మెషీన్లమ్మే కంపెనీలో ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుంటాను. మెషీన్ పాడైందని అరుచుకుంటూ వచ్చేవాళ్ళలో చాలామంది నీళ్ళ గొట్టం తప్పుగా తగిలించినవాళ్ళే. అందుకని నాకు ఎవరేం చెప్పినా ముందు నమ్మకం కలగదు. మా అక్క తీరు పూర్తిగా వేరు.

అక్క యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో బొత్తాల కాజాలు కుట్టే మిషన్ మీద పనిచేస్తుంది. బడిపిల్లల చొక్కాలూ, ఆసుపత్రి కోట్లూ కుట్టయ్యాక చివరికి ఆమె దగ్గరికి వస్తాయి. సుద్దముక్కతో గుర్తు పెట్టుకుని, గుడ్డ సర్ది మీట నొక్కుతుంది. మిషన్ చుట్టూ దారం కుట్టి మధ్యలో కత్తి దింపుతుంది. కత్తి దిగాక ఇక దిద్దుబాటు లేదు, చొక్కా మొత్తం పాడైనట్టే. అందుకే అక్క సుద్దముక్క దగ్గరే ఎక్కువసేపు ఆగుతుంది. మాటల్లో కూడా ఆమెది అదే పద్ధతి. ఏదైనా అడిగితే ‘చూద్దాం’ అంటుంది. ఆ చూద్దాం ఎప్పటికి తేలుతుందో ఎవరికీ తెలియదు.

అమ్మ మంచాన పడేనాటికి అక్కకి ఇరవై రెండేళ్ళు, నాకు పది. అమ్మని ఎత్తి దించి, నన్ను చదివించి, నాకు పెళ్ళి చేసి, ఆ తర్వాత అమ్మని సాగనంపింది. ఈ సందడిలో ఆమెకీ ఒక పెళ్ళి కావాలన్న సంగతి అందరం మర్చిపోయాం. ఇప్పుడు మా మేడమీద గదిలో ఉంటోంది. ఒక మంచం, ఒక కిటికీ, కిటికీ దగ్గర కుర్చీ. పని నుంచి వచ్చి ఆ కుర్చీలో కూర్చుని టీ తాగుతుంది. అప్పుడు పలకరిస్తే పలకదు.

ఆమెకి యాభై నిండబోతుండగా సంబంధం వచ్చింది. తెచ్చింది మా ఆయనే. పెళ్ళికొడుకు మా ఆయన ఆఫీసులోనే స్టోర్ కీపర్, భార్య పోయి నాలుగేళ్ళయింది, కూతుళ్ళకి పెళ్ళిళ్ళయిపోయాయి. ఊరికి ఆ చివర సొంత ఇల్లు. సిగరెట్టు ముట్టడు, గొంతెత్తి మాట్లాడడు. వంక పెడదామన్నా దొరకదు. ఒక్కటే అన్నాడట, ‘ఈ వయసులో ఆవిడ పనికెళ్ళడం ఎందుకు, ఇంటిపట్టున హాయిగా ఉండొచ్చు’ అని. మా ఆయన ఆ మాట చెబుతూ మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. అక్కకి ఇన్నాళ్ళకి ఒక తోడు దొరుకుతోందని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“చూద్దాం,” అంది అక్క.

రోజూ నేను మేడెక్కి అడిగేదాన్ని. మనిషి నచ్చలేదా? నచ్చకేం, మంచివాడే. ఇల్లు దూరమా? బస్సుంది కదా. మరింకేమిటి? అక్క గోడకేసి చూసేది. మా ఆయన కూడా మెట్ల మధ్యలో నిలబడి తన వంతు అడిగాడు. “వదినా, మీ మనసులో ఏముందో చెప్పండి. కారణం తెలిస్తే మేమే ఏదో ఒకటి సర్దుతాం కదా.” ఇంట్లో అందరం మర్యాదగానే అడిగాం. వారం తిరిగేసరికి అక్క కళ్ళ కింద నల్లబడింది.

చివరికి ఒకరోజు, “ఈ సంగతికి కూడా కార్డులే చూపించుకుంటాను,” అంది. “ఏం వస్తే అది.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “అక్కా, నీ బతుకు ఆవిడ పేకముక్కల చేతిలో పెడతావా?” అన్నాను. అక్క చెప్పులేసుకుంది. సరే, ఆ నాటకం ఏమిటో చూద్దామని నేనూ వెంట వెళ్ళాను.

గదిలో ఏడు రంగుల బల్బులు వెలుగుతున్నాయి. పాత పార్లర్ వాసన ఇంకా వదల్లేదు. ఏసీ కారి మంచం తడుస్తోందని ఆవిడ నెలన్నర కిందటే మంచాన్ని అటుదిటు తిప్పించిందట. ఇప్పుడు పడుకున్నవాళ్ళ కాళ్ళు గోడకి ఆనుతున్నాయి, అటువైపు నిలబడే జాగా లేదు. ఆవిడ తలవైపు నిలబడింది. అక్క కళ్ళు మూసుకుంది. కార్డులు ఒక్కొక్కటే పడ్డాయి. నుదుటి మీది కార్డు జారకుండా అక్క ఊపిరి బిగబట్టింది. తుమ్మొస్తే ఆరో చక్రం గతి ఏమవుతుందో అడుగుదామనుకున్నాను, నోరు మూసుకున్నాను.

“అయ్యో,” అంది చక్రాలావిడ. “అన్నీ తలకిందులే అక్కా. ఏడుకి ఏడూ మూసుకుపోయాయి.” గుండె మీది కార్డుని వేలితో చూపించింది. ఆడా మగా ఎదురెదురుగా నిలబడి గిన్నెలు పట్టుకున్న బొమ్మ. “జంట కార్డు తలకిందులుగా పడింది. ఈ బంధం మీకు కలిసిరాదు. ఇప్పుడు మీరు మీతోనే ఉండాలి, మీలోకి మీరు చూసుకోవాలి.”

అక్క కళ్ళు తెరిచింది. ఆ ముఖం మీద బాధేమీ కనబడలేదు. పాపం, దిగమింగుకుంటోందని అనుకున్నాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, లెక్కల్లో పట్టా ఉన్న మనిషి, తలూపాడు. “కలిసిరాదని వచ్చాక ఇంకేముంది, వదిలేద్దాం.” స్టోర్ కీపర్‌కి ఫోన్ చేస్తే ఆయనా నొచ్చుకోలేదు. “అలా వచ్చిందా? అయితే మంచిది కాదులెండి,” అని, తన మోకాళ్ళ నొప్పికి ఆవిడ దగ్గర ఏమైనా చూస్తారా అని కూడా వాకబు చేశాడట. వారంపాటు మేమంతా తలబాదుకుని తేల్చలేనిది అట్టముక్క ఒక్క నిమిషంలో తేల్చేసింది. ఆ రాత్రి అక్క అన్నం తిని, పైకెళ్ళి హాయిగా నిద్రపోయింది. నాకు మాత్రం కడుపు రగిలిపోతూనే ఉంది.

ఆ రగలడంలోనే ఒకటి తట్టింది. మా కౌంటర్ పక్క సీటు అమ్మాయి కూడా అక్కడికి వెళ్తుంది. తనకీ ఏడూ మూసుకుపోయాయట. హెడ్మిస్ట్రెస్‌కీ అంతే. మందుల షాపావిడకీ అంతే. కిందటేడు వీళ్ళందరికీ బ్రహ్మాండంగా తెరుచుకుని ఉండేవి! ఊళ్ళో ఆడవాళ్ళందరి చక్రాలూ ఒక్కసారిగా మూసుకుపోవడానికి ఏమొచ్చింది? ఆఫీసుకి సెలవు పెట్టి నేరుగా అక్కడికే వెళ్ళాను.

“మేడమ్, కార్డు నిటారుగా ఉందో తలకిందులుగా ఉందో ఎలా చెబుతారు?” అన్నాను.

“బొమ్మ తల, మనిషి తలవైపు ఉంటే నిటారు. శక్తి పైకే కదా వెళ్ళాలి,” అంది, బడిపిల్లకి చెప్పినట్టు.

“మరి మీరు ఎటువైపు నిలబడి చూస్తున్నారు?”

ఆవిడ తన కాళ్ళకేసి చూసుకుంది. మంచానికేసి చూసింది. నేను మంచం మీద పడుకుని, ఆవిడ కట్టలోంచి ఒక కార్డు తీసి గుండెల మీద పెట్టుకున్నాను. బొమ్మ తల నా తలవైపే ఉంది. ఆవిడ నిలబడే తలవైపు నుంచి చూస్తే తలకిందులు. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆవిడ శుభ్రం మనిషి, పార్లర్ అలవాటు. పనైపోగానే కార్డులన్నీ ఒకే వరసలో సర్దిపెడుతుంది. కలిపినా తిరగబడవు, ఎవరికి పరిచినా బొమ్మల తలలు మనిషి తలవైపే పడతాయి. అంటే మంచం తిప్పకముందు వెళ్ళిన ప్రతివాళ్ళకీ శుభం, తిప్పాక వెళ్ళిన ప్రతివాళ్ళకీ అశుభం. పైగా అశుభం మొదలయ్యాకే గిరాకీ పెరిగిందట. తెరుచుకున్నవాళ్ళు మళ్ళీ ఎందుకొస్తారు, మూసుకుపోయినవాళ్ళే కదా వస్తారు.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఆవిడ స్టూలు మీద కూలబడి ఏడ్చింది. మోసం చేసే మనిషైతే బుకాయించేది, తిట్టి రావడానికి నాకూ తేలికగా ఉండేది. ఈవిడ నిజంగానే నమ్ముతుంది. “ఎంతమందికి తప్పు చెప్పానో అండీ. మీ అక్కని తీసుకురండి. ఈ క్షణమే మళ్ళీ చూస్తాను,” అంది. నేనే మంచానికి ఒక చివర పట్టి, ఆవిడ ఇంకో చివర పట్టి, పాత పద్ధతిలోకి తిప్పేశాం. నెత్తిన నీళ్ళు పడకుండా ఏసీ ఆపేశాం.

వర్క్‌షాపుకి వెళ్ళి అక్కని మిషన్ దగ్గర్నుంచి లేవదీశాను. ఒళ్ళో కోటు, చేతిలో సుద్దముక్క. దారంతా నేను గలగలా చెబుతూనే ఉన్నాను. తప్పు కార్డులది కాదు, మంచానిదని తేలిపోయింది కదా అని, నా తెలివికి నేనే మురిసిపోతూ నడిచాను. అక్క రెండుసార్లు దారిలో ఆగింది. ఎండకి అనుకుని, “వచ్చేశాంలే,” అన్నాను.

మళ్ళీ పడుకుంది. ఆవిడ మొన్నటి ఏడు కార్డులే ఏరి మళ్ళీ పరిచింది. ఈసారి ఆవిడ కాళ్ళవైపు నిలబడి, ఒక్కొక్కటీ చూస్తూ వెలిగిపోయింది. “అన్నీ నిటారే! అన్నీ తెరుచుకున్నాయి అక్కా. జంట కార్డు చూడండి, ఎంత ముచ్చటగా పడిందో. ఈ బంధం మీ కోసమే వచ్చింది. కళ్ళు మూసుకుని ఒప్పేసుకోండి.” నేను అప్పుడే మా ఆయనకి ఫోన్ కలిపాను. ఆయన, “చూశావా, నేను ముందే అన్నాను,” అన్నాడు. ఏమన్నాడో ఆయనకే తెలియాలి.

అక్క లేవలేదు. పైకప్పుకేసి చూస్తూ పడుకుంది. తర్వాత నుదుటి మీది కార్డు తనే తీసింది. గొంతు మీదిది తీసింది. గుండె మీది ఆ ఇద్దరినీ తీసి కాసేపు చూసింది. మిగతావన్నీ కూడదీసుకుని లేచి కూర్చుని, కట్టంతా చక్రాలావిడ చేతిలో పెట్టింది.

“నాకు వద్దు,” అంది.

గట్టిగా కూడా అనలేదు. కానీ ‘చూద్దాం’ అనకుండా ఆమె ఒక మాట తేల్చి చెప్పగా నేను వినడం అదే మొదలు. ఫోన్లో మా ఆయన హలో హలో అంటున్నాడు.

“ఎందుకక్కా?” అన్నాను.

అక్క నాకేసి చూసింది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే అలా చూసేది.

“మొన్న కార్డు వద్దంటే,” అంది, “ఎందుకని ఒక్కరైనా అడిగారటే?”