ఎడమ రాడ్‌కి ముల్లు లేదు

మా వియ్యంకుడుగారు పోయారన్న వార్త నాకు గరాజ్‌లో అందింది. బియ్యం బస్తా విప్పడానికి కత్తెర వెతుకుతున్నాను. ఆసుపత్రి నుంచి అల్లుడు ఫోన్ చేసి, "అత్తయ్యా, నాన్న వెళ్ళిపోయారు" అన్నాడు. "ఎక్కడికి?" అన్నాను. ఏళ్ళ తరబడి ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పి, తెలివితక్కువ ప్రశ్నలు వేసినవాళ్ళని బెంచీ మీద నిలబెట్టినదాన్ని. ఆ పూట నా నోటి నుంచి వచ్చిన ప్రశ్న అది.

ఫోన్ పెట్టి తలెత్తితే, గోడ మేకులకు వేలాడుతున్న ఆయన చేపల వేట రేకులన్నీ ఊగుతున్నాయి. ఇత్తడివి, వెండిరంగువి, గులాబీ పూత పూసినది ఒకటి. గరాజ్ తలుపు కింద సందు ఉంది, అందులోంచి గాలి వస్తుంది. ఆ సందు మూయించమని అల్లుడికి ఎప్పటినుంచో చెబుతున్నది నేనే. కాబట్టి కారణం ఉంది. అయినా కత్తెర మాట మరిచి లోపలికి వచ్చేశాను.

రెడ్‌మండ్ చుట్టుపక్కల మీలో చాలామంది ఆయన్ని ఎరుగుదురు. విమానాల కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరైన పెద్దాయన. ఎవరింట్లో సత్యనారాయణ వ్రతమైనా ముందుగా వచ్చి, కార్లు ఎక్కడ పెట్టాలో వీధిలో నిలబడి చెప్పే మనిషి. పరామర్శకు వచ్చినవాళ్ళంతా "అంకుల్ చాలా సాఫ్ట్, ఆంటీ" అన్నారు. అలా అన్నవాళ్ళెవరూ ఆయనతో ఒకే ఇంట్లో ఉండలేదు. నేను ఉన్నాను. అందుకని మీకు తెలియని సంగతి రాస్తున్నాను. అది చేపలకు వేసే ఎర సంగతి.

ఆయన భార్య, మా వదినగారు, లేఆఫ్‌ల ఏడాది ఎండాకాలంలో పోయారు. ఆయన తన ఇల్లు అమ్మేసి, పడవతో సహా కొడుకింటికి వచ్చేశారు. మనవరాలిని చూసుకోవడానికని వచ్చి పాతుకుపోయిన నేను అక్కడ ముందే ఉన్నాను. వియ్యంకుడూ వియ్యపురాలూ ఒకే వంటింట్లో కాఫీ కలుపుకోవడం ఏ పెళ్ళిపెద్దా ఊహించని ఏర్పాటు.

"పెళ్ళిలో కాఫీ చల్లారిందని మీతో పేచీ పెట్టాను చెల్లెమ్మగారూ. ఆ ఉసురే తగిలింది నాకు" అనేవారు.

"తగలకేం, అన్నయ్యగారూ! మళ్ళీ అదే చల్లారిన కాఫీ తాగుతున్నారు."

మొదటి శీతాకాలమంతా ఆయన గరాజ్‌లోనే కూర్చున్నారు. వసంతం వచ్చాక ఒక ఉదయం నా ఎదుట కుర్చీ లాక్కుని, "మీరు ఫిషింగ్ లైసెన్సు తీసుకోవాలి" అన్నారు.

"నేనా? నేను జన్మలో చేప ముట్టలేదు."

"ముట్టక్కర్లేదు. మనిషికి ఒక్క రాడ్ అన్నది రూలు. నాకు పడవలో రెండు రాడ్లు కావాలి. రెండో మనిషి కావాలి."

"మీ అబ్బాయి ఉన్నాడుగా?"

"వాడు పడవలో కూర్చుని కూడా కాన్ఫరెన్స్ కాల్ తీసుకుంటాడు."

అలా వాషింగ్టన్ రాష్ట్రం శాకాహారినైన నాకు చేపలు పట్టే హక్కు ప్రసాదించింది. గుడి దగ్గర కొందరు ఆడవాళ్ళు కనుబొమలు ఎగరేశారని తెలిసింది. లైఫ్ జాకెట్టులో నన్ను చూసి ఉంటే ఆ అనుమానం వాళ్ళకి వచ్చేది కాదు.

మేము వెళ్ళేది ఇంటికి గంట దూరంలో ఉన్న సరస్సుకి. అక్కడ దొరికే చేప పేరు కొకనీ. అదీ సాల్మనే, కాని సముద్రం ముఖం ఎరగదు. సరస్సులోనే పెరుగుతుంది, వెండిలా ఉంటుంది. ఆకురాలు కాలానికి ఒళ్ళంతా ఎర్రబడి, పుట్టిన వాగులోకి ఎదురెక్కి, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. నీళ్ళలో కంటికి ఆనని పురుగులు తిని బతుకుతుంది కాబట్టి ఇంకో చేపను చూసి వెంటపడే రకం కాదు.

"మరి మీ ఎరని ఎందుకు కొరుకుతుంది?" అని అడిగాను.

"ఆకలితో కాదు, చెల్లెమ్మగారూ. చిరాకుతో. కళ్ళ ముందు ఎవరైనా మెరుస్తూ గంతులేస్తే దానికి పడదు."

"అయితే మా పంతులమ్మల జాతే."

ఆ చిరాకు పుట్టించడమే ఆయన విద్యంతా. పడవ నడకకన్నా మెల్లగా సాగుతుంటే వెనక నీళ్ళలో ముందు ఒక వంచిన రేకు వస్తుంది. దాన్ని డాడ్జర్ అంటారు. దాని తోకకి జానెడు దారం. దారం చివర రెండు పూసలు, జడకుచ్చులాంటి రబ్బరు కుచ్చు ఒకటి, అందులో దాక్కుని చిన్న గాలపు ముల్లు. ముల్లుకి ఒక మొక్కజొన్న గింజ. రేకు అటూ ఇటూ కొట్టుకుంటే వెనక కుచ్చు బతికున్నట్టు ఎగిరిపడుతుంది. దారం జానెడుకి తగ్గితే పిచ్చి గంతులు, మూరెడైతే నిద్ర. దింపేముందు ప్రతిసారీ పడవ పక్కనే నీళ్ళలో లాగి చూసేవారు. రేకు గిర్రున తిరిగితే పైకి తీసి, బొటనవేళ్ళతో వంపు సరిచేసి మళ్ళీ చూసేవారు.

"ఊగాలి, తిరగకూడదు. తిరిగితే దారం మెలిపడుతుంది. మనిషైనా అంతే."

రంగుల దగ్గర మాత్రం నా చదువు పనికొచ్చింది. నీళ్ళలో లోతుకి పోయేకొద్దీ అన్నిటికన్నా ముందు చచ్చిపోయేది ఎరుపు. అడుగున ఎర్ర కుచ్చు బొగ్గుముక్కలా ఉంటుంది. మెరిసే గులాబీ రంగు అలా కాదు, పైనుంచి దిగిన నీలికాంతిని మింగి గులాబీగా కక్కుతుంది. ఇది చెప్పిన రోజున ఆయన తన పెట్టెలోని కుచ్చులన్నీ బల్లమీద పోసి, ఏది ఎంత లోతుకో నాతో విడదీయించారు. పొద్దుటిపూట పైపైన నారింజ, ఎండెక్కాక లోతున గులాబీ. అంతా అయ్యాక ఒక ఎర్ర కుచ్చు మాత్రం విడిగా తీసి జేబులో వేసుకున్నారు.

"అది కిందికి పోతే నలుపే" అన్నాను.

"తెలుసు. చూసేవాళ్ళు పైనుంచి చూస్తారు కదా."

నాకు అప్పటికి అర్థం కాలేదు.

గింజల సంగతీ చెప్పాలి. డబ్బాలోని తెల్ల మొక్కజొన్న గింజల్ని సోంపు నూనెలో, వెల్లుల్లిలో ఊరబెట్టి, ఖాళీ పెరుగు డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టేవారు. మన ఇళ్ళలో పెరుగు డబ్బాలో పెరుగు తప్ప ఏదైనా ఉంటుందని మీకు చెప్పక్కర్లేదు. ఒకసారి మా అమ్మాయి అవి నా చేతి వంటే అనుకుని కుర్మాలో కలిపేసింది. వచ్చిన నాలుగు కుటుంబాలూ లొట్టలేసి, "సోంపు వేశారా ఆంటీ, రెసిపీ ఇవ్వండి" అన్నారు. ఆయన తలవంచుకుని భోంచేసి, వాళ్ళు వెళ్ళాక నా దగ్గరికి వచ్చి మెల్లగా, "ఈసారి రొయ్యల నూనె వెయ్యడం మరిచిపోయాను. మీ పూర్వజన్మ సుకృతం" అన్నారు.

ఇక పడవలో నాది ఎడమ రాడ్. దాని కొన కచేరీ వింటున్నవాడిలా తల ఊపుతూ ఉండేది. అది రేకు ఊగుతున్న తాళం. అప్పుడప్పుడు తాళం తప్పి తల బాగా కిందికి వంచేది. ఆయన వెంటనే కుడి రాడ్ వదిలేసి, మోటార్ ఆపి, నా రాడ్ దగ్గరికి వచ్చి రీలు తిప్పేవారు. పైకి ఏమీ వచ్చేది కాదు. ఒకసారి కుడి రాడ్‌కి చేప పడి గింజుకుంటున్నా వదిలేసి ఎడమదే తీశారు. ఆ చేప పోయింది. నా జాతకం మీద నాకే అనుమానం వచ్చి, ఒకనాడు ఆయన ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంటుండగా ఆ ఎర చేతిలోకి తీసుకున్నాను. ఎర్ర కుచ్చు విప్పి చూస్తే లోపల ముల్లు లేదు. కుట్టుదారంతో గుచ్చి ముడివేసిన మొక్కజొన్న గింజ మాత్రం ఉంది.

"నన్ను తోలుబొమ్మలా కూర్చోబెట్టారా ఇన్నాళ్ళూ?"

"అది మీ వదినగారిది" అన్నారు. "వండితే తింటాను, చస్తుంటే చూడను అనేది. నా ఎరకి ముల్లు లేకపోతేనే పడవ ఎక్కుతాను అంది. ఉత్తి దారం కూడా వద్దంది. పిలిచి ఏమీ పెట్టకుండా పంపితే ఎలాగండీ అని గింజ తనే సూదితో గుచ్చేది. చేపలు దాన్ని తినిపోతే రాడ్ తల వంచేది. అన్నం పెట్టినంత సంబరపడేది."

ఎర్ర రంగు ఆవిడ ఎంపిక. అడుక్కి పోతే అది కనబడదని ఆయన చెప్పినా వినలేదట.

ఒడ్డుకి వచ్చేముందు, నీళ్ళ వైపు చూస్తూ మిగతాది చెప్పారు. ఆవిడ పోయిన రోజు పొద్దున, భుజం లాగుతోంది, మీరు వెళ్ళిరండి అంది. ఆయన ఒక్కరే వచ్చారు. అలవాటుకొద్దీ ఎడమ రాడ్ కూడా వేశారు. జన్మలో ఆయన తప్పిన రూలు అదొక్కటేనేమో. కాసేపటికి ఆ రాడ్ తల వంచింది. ఆగి మళ్ళీ వంచింది.

"నాచు తగిలిందిలే అనుకున్నాను, చెల్లెమ్మగారూ. నవ్వుకున్నాను కూడా. నువ్వు ఇంట్లో ఉన్నా నీ చుట్టాలు వచ్చేశారే అని. తియ్యలేదు. చీకాకెందుకని వదిలేశాను. ఇంటికొచ్చేసరికి మీ వదిన సోఫాలో ఉంది. టీవీ నడుస్తోంది."

ఆయనకి కావలసింది చేపలు కాదని అప్పుడు తెలిసింది. ఆ రాడ్ తల వంచినప్పుడు చూసేవాళ్ళు లేకపోవడం ఇంకోసారి జరగకూడదు. ఆయన మిగిలిన జీవితమంతా ఆ ఒక్క పని మీద పెట్టారు.

నేను ఊరుకోలేదు. నా నోరు మీకు తెలిసిందే. "చూడండి, రేకుకి వంపు ఎక్కువైతే, పడవ మలుపు తిరిగితే, నాచు తగిలితే కొన వంగుతుంది. దీనికి మనుషులతో పనిలేదు" అని పాఠం చెప్పాను.

"తెలుసమ్మా" అన్నారు. "ఆ వంపు పెట్టింది నేనే కదా."

అప్పుడే ఎడమ కొన మళ్ళీ వంగింది, లేచి వెళ్ళి రీలు తిప్పారు.

మరో ఏడాది ఎడమ ఎర దారం అరిగిపోయింది. కొత్తది కట్టడానికి బల్ల ముందు కూర్చున్నారు, ఎంతకీ కట్టడం లేదు. మా వదినగారు తన దారం తన జానతోనే కొలిచేవారు. ఆయన జాన పెద్దది. ఆవిడది ఎంతుండేదో ఆయన గాలిలో వేళ్ళు చాపి చూసుకుంటున్నారు, ప్రతిసారీ వేరేగా వస్తోంది.

"చెల్లెమ్మగారూ, మీ చెయ్యి ఒకసారి ఇలా పెడతారా?"

బల్ల మీద వేళ్ళు చాచి పెట్టాను. ఆయన నా చేతిని తాకకుండా, బొటనవేలి కొస నుంచి చిటికెన వేలి కొస దాకా దారం పరిచి, చాలాసేపు చూశారు. "ఇంతే ఉండేది" అన్నారు. నా చెయ్యి చల్లబడింది. కొలత తీసుకున్నది నా చేతి మీద. కాని అక్కడ పెట్టిన చెయ్యి నాది కాదనిపించింది. ఇప్పటికీ చపాతీ ఒత్తుతూ వేళ్ళు చాపినప్పుడు ఒక్క క్షణం ఆగుతాను.

ఈ శీతాకాలం చివర ఆయన ఆసుపత్రిలో పడ్డారు. వెళ్ళిపోయే ముందు రోజు నేను కాఫీ పట్టుకెళ్ళాను. రెండు గుక్కలు తాగి, "చల్లారింది" అన్నారు. తర్వాత కళ్ళు మూసుకుని, "ఎడమది మీరు చూస్తుండండి" అన్నారు. "అలాగే" అన్నాను. అంత చిన్న జవాబు నేను ఆయనకి ఎప్పుడూ ఇవ్వలేదు.

కర్మలన్నీ అయ్యాక ఇల్లు సర్దడం మొదలుపెట్టాం. పెరుగు డబ్బాని మాత్రం ఎవరూ కదపలేదు. పాలకోసం ఫ్రిజ్ తీస్తే సోంపు వాసన. మా మనవరాలు ముక్కు ఎగబీల్చి, "తాతయ్య ఇక్కడే ఉన్నట్టు స్మెల్ వస్తోంది, అమ్మమ్మా" అంది. నూనెలు తొందరగా పోవు, దానికీ కారణం ఉంది. ఆ కారణం పిల్లకి చెప్పబుద్ధి కాలేదు.

మే నెలలో అల్లుడు పడవ అమ్మేద్దామన్నాడు. "ఒక్కసారి నన్ను తీసుకెళ్ళు. తర్వాత నీ ఇష్టం" అన్నాను. ఫోన్ ఇంట్లో పెట్టి రావాలని షరతు కూడా పెట్టాను. గరాజ్ మేకు మీది గులాబీ రేకు, పెట్టెలోని ఎర్ర కుచ్చు, పెరుగు డబ్బా, సూది, దారం తీసుకెళ్ళాను. పడవలో అతను రెండు ఎరలకీ ముళ్ళు కట్టబోయాడు.

"ఎడమదానికి వద్దు."

"ముల్లు లేకుండా చేప ఎలా పడుతుంది అత్తయ్యా?"

"పడదు. మీ అమ్మ షరతు. దారం ఇంతే పొడుగు కట్టు." ఎర్ర కుచ్చు పక్కన నా జాన పరిచాను. అతను కట్టాడు. గింజ నేను గుచ్చాను. రేకుని నీళ్ళలో లాగి చూస్తే గిర్రున తిరిగింది. పైకి తీసి, బొటనవేళ్ళతో వంచి ఇచ్చాను. అల్లుడు నా వైపు వింతగా చూశాడు. ఈసారి ఊగింది.

సరస్సు మీద గాలి లేదు. మేము సగం దూరం వెళ్ళేసరికి ఎడమ రాడ్ తల వంచింది. ఆగి మళ్ళీ వంచింది.

అల్లుడు వెనక్కి ఒక్కసారి చూసి, "నాచులే అత్తయ్యా, వదిలెయ్యండి" అన్నాడు. అచ్చం తండ్రి గొంతు.

"మోటార్ ఆపు" అన్నాను.

అంత గట్టిగా అంటానని నేనూ అనుకోలేదు. అతను ఆపాడు. నేను రీలు తిప్పాను. రేకు వచ్చింది, కుచ్చు వచ్చింది. కుట్టుదారం ముడి ముడిలాగే ఉంది. గింజ లేదు.

అప్పుడు అతనికి అంతా చెప్పాను. వాళ్ళ అమ్మ పోయిన పొద్దుట ఈ రాడ్ తల వంచిన సంగతి, వాళ్ళ నాన్న తియ్యని సంగతి, ఆ తర్వాత ప్రతిసారీ తీసిన సంగతి. "నాకెప్పుడూ చెప్పలేదు" అన్నాడు. డబ్బాలోంచి ఒక గింజ తీసి, సూది అందుకున్నాడు. నూనె గింజ వేళ్ళలోంచి జారిపోయి గుచ్చలేకపోయాడు. పట్టుకుంటే చాలన్నాను. అతను గింజ పట్టుకున్నాడు, నేను గుచ్చాను. ఎర దింపాం.

మోటార్ ఆపే ఉంది. పడవ కదలడం లేదు. దారం నీళ్ళలోకి నిటారుగా దిగి ఉంది. రేకు ఊగడానికి ఏమీ లేదు. అద్దంలాంటి నీళ్ళ మీద ఎడమ రాడ్ కొన మెల్లగా తల ఊపడం మొదలుపెట్టింది. వినవలసిన పాట ఏదో వింటున్నట్టు, తొందర లేకుండా.

మా వెనక ఎక్కడో ఎవరిదో పడవ వెళ్ళి ఉంటుంది. దాని అల వచ్చి తగిలి ఉంటుంది. నేను తల తిప్పి చూడలేదు.