కుర్చీ గోడవైపు తిప్పిన రోజు

"తాతా, ఆపు" అని మా పెద్దమ్మాయి ఆటోలోంచి అరిచింది. గేటు దగ్గర ఉన్న నాకు వినిపించింది. ఆమెకు రెండడుగుల ముందు కూర్చుని ఆటో నడుపుతున్న రాజేశం కాకకు వినిపించలేదు. ప్రమాదమేమిటో నాకు మొదటిసారి తెలిసింది సరిగ్గా ఆ క్షణంలో.

పోయిన ఏడాది వానాకాలం, సిరిసిల్లలో మా వీధి. చిన్నమ్మాయి స్కూలు సంచీ ఆటో పక్కనుంచి జారి వెనక చక్రం వైపు వేలాడుతోంది. దాని పట్టీ ఇంకా పిల్ల భుజానికే ఉంది. ఆటో కదిలింది. నేను అరుస్తూ పరుగెత్తాను. సందు చివర పాలాయన తన బండిని అడ్డం పెట్టాక గాని ఆటో ఆగలేదు. పిల్లకు ఏమీ కాలేదు, సంచీ బురదయింది. కాక దిగి అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూసి, పిల్లను ఎత్తుకుని, "నేను చూడలే బిడ్డ" అన్నాడు.

పిల్లలు అంతగా అరిస్తే చూడలేదంటాడేమిటి? వాళ్లను బడిలో దింపి పనికి వెళ్లే దారంతా అదే ఆలోచన. ఎందుకంటే చెవుల పరీక్షే నా వృత్తి.

నేను ఆడియాలజిస్టును. వినికిడి ఎంత ఉందో కొలవడం, తగ్గితే హియరింగ్ ఎయిడ్ అమర్చడం నా పని. పుట్టింది కోరుట్ల, చదివింది హైదరాబాదు, ఉద్యోగం సిరిసిల్లలో ఒక చిన్న వినికిడి కేంద్రంలో. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సాంచాల మీద పనిచేసినవాళ్లు. సాంచా అంటే మరమగ్గం. ఒక్క షెడ్డులో పదుల కొద్దీ ఆడుతుంటే పక్కనున్న మనిషి కేక కూడా వినపడదు.

రాజేశం కాక ముప్పై ఏళ్లు ఆ మోతలో నిలబడ్డవాడు. షెడ్డు మూతపడ్డాక, కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతున్న కొడుకు వచ్చి, చేసింది చాలు, ఇక కూర్చోమని తీసుకుపోయాడు. రెండు నెలలు దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడట. "కుర్చీకి నేను కావలో, నాకు కుర్చీ కావలో సమజ్ కాలే" అని ఒకసారి నాతో అన్నాడు. సిరిసిల్లకు తిరిగొచ్చి, యాభై మూడేళ్ల వయసులో ఆటో నేర్చుకుని, మా వీధి పిల్లలను బడికి చేర్చే పని మొదలుపెట్టాడు. ముసలితనంలో ఈ సోకేమిటని పాలాయన ఆటపట్టిస్తే, "నేను ముసలోన్నైతె మీ అయ్యను ఏమంటవ్‌రా?" అని నోరు మూయించాడు.

ఆరు నెలలు రోజూ ఆయనతో మాట్లాడాను. ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. సాంచాల దగ్గర పనివాళ్లు పెదవులు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారని నాకు తెలుసు. అయినా నా ఎదురుగా నవ్వుతూ జవాబులిచ్చే మనిషి నా మాట వింటున్నాడా, చూస్తున్నాడా అని ఆలోచించలేదు. పిల్లలతో కబుర్లు కూడా ఆటో అద్దంలో వాళ్ల నోళ్లు చూస్తూ చెప్పేవాడు. ఆ పొద్దున వానకు అద్దం మసకబారింది.

పరీక్షకు రాకపోతే పిల్లలను పంపనని చెప్పాను. మధ్యాహ్నం వచ్చాడు, కోపంగానే. "చెవులకేమైంది? నీతోని మాట్లాడుతలేనా?"

మేం చేసేది ప్యూర్ టోన్ టెస్ట్. గాజు కిటికీ ఉన్న చిన్న గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, కిటికీ ఇవతల నుంచి లావు శబ్దం నుంచి సన్న శబ్దం దాకా ఒక్కొక్కటే వినిపిస్తాం. వినపడగానే చేతిలోని బటన్ నొక్కాలి. కాక ప్రతిదానికీ నొక్కాడు. అతి చిన్న శబ్దాలకూ నొక్కాడు. ముప్పై ఏళ్ల సాంచాల మనిషికి బడిపిల్లాడి చెవులు. నేను సంతోషపడబోయి, ఆయన కళ్లు చూశాను. అవి నా కుడి భుజం మీద ఉన్నాయి. నేను మీట నొక్కినప్పుడల్లా భుజం కదులుతోంది.

లేచి వెళ్లి ఆయన కుర్చీని గోడవైపు తిప్పాను.

మళ్లీ మొదలుపెట్టాను. సన్న శబ్దాలు పెంచుతూ పోయాను. బటన్ నొక్కితే వెలగాల్సిన లైటు వెలగలేదు. ఇంకా పెంచాను. చాలాసేపటికి ఆయన గోడను చూస్తూనే అడిగాడు.

"ఇంక షురు చెయ్యవా బిడ్డ?"

వినికిడిని గీతగా చూపే కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటాం. కాక గీత గుట్ట దిగినట్టు దిగింది. ఇంజన్ మోత లాంటి లావు శబ్దాలు వినపడతాయి. పిల్లల సన్నని కేక వినపడదు. ఆ కాగితం ఆయన ముందు పెట్టి, చెవికి మెషిన్ పెట్టుకుంటే కొంత మేలని, పిల్లలను మాత్రం ఎక్కించుకోవద్దని చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది. "ముప్పై ఏండ్లు కష్టం జేసినవ్ కాక, ఇగ ఇంట్ల సుఖంగ కూసో" అని కూడా అన్నాను.

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "గోడకు మొఖం జేసి కూసోవెట్టినవు, నిజం తెల్సింది, మంచిగైంది. రేపటి సంది ఎవ్వల పిల్లలను ఎక్కిచ్చుకోను. కని బతుకంత గట్లనే కూసోమంటె కూసోను. చెవులు వొయినయ్, నేను వోలే."

మరేం చేస్తావని అడిగితే, "ఇంకో పని దేవులాడుకుంట" అని లేచాడు.

బయట హాల్లో ఎల్లంతకుంట నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయన భార్య ఉన్నారు. ఆయనా ఒకప్పుడు సాంచాల మనిషే. నేను అమర్చిన మెషిన్ చొక్కా జేబులో ఉంది. ఆమె ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తోంది, ఆయన విసుక్కుంటున్నాడు. కాక గడప దగ్గరే ఆగి, గొంతు లేకుండా పెదవులు ఆడించి ఏదో అన్నాడు. ముసలాయన పగలబడి నవ్వాడు. మా కేంద్రంలో ఆయన నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఏమన్నావని ఆమె అడిగింది. కాక ఆమెను తెచ్చి భర్త ఎదురుగా నిలబెట్టాడు. "కొంగు నోటికి అడ్డం వెట్టకు అక్క. మొఖం మీద ఎలుతురు వడాలె. ఒర్రకు, మెల్లగ జెప్పు." మెషిన్ జేబులోంచి చెవికి మారింది. అరగంట తర్వాత కూడా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.

నేను ఇన్నాళ్లూ మెషిన్ అమర్చి పంపేదాన్ని. ఇంట్లోవాళ్లు ఎలా నిలబడి మాట్లాడాలో ఒక్కరికీ నేర్పలేదు.

ఇప్పుడు ప్రతి గురువారం జగిత్యాల నుంచి చెవుల డాక్టరు వచ్చే రోజున రాజేశం కాక మా హాల్లో ఉంటాడు, తన మెషిన్ తను పెట్టుకుని, వచ్చిన ఇంటివాళ్లకు ఎదురుగా నిలబడి మాట్లాడడం నేర్పుతూ. చందుర్తి నుంచి వచ్చేవాళ్లు నా పేరు అడగరు, ఆయన పేరు అడుగుతారు. ఆరాం చెయ్యమని కొడుకు ఫోన్ చేస్తే, "ఆరాంగనే ఉన్న, నువ్వు దుకాణం జూసుకో" అంటాడు.

ఆ కేసు తర్వాత నా దగ్గర పరీక్షకు కూర్చున్న ఎవరి కుర్చీ అయినా గోడవైపే ఉంటుంది, పరీక్ష అయ్యేదాకా. తర్వాత ఎవరినీ అలా కూర్చోనివ్వను. యాభై దాటగానే విశ్రాంతిని మందులాగా రాసిచ్చే అలవాటు మనది. అది మందేనని ఎవరు పరీక్షించారు?

అయితే ఇదంతా తర్వాతి సంగతి. పరీక్ష మర్నాడు పొద్దున నా దగ్గర ఉన్నది కాక ఇక ఏం చేస్తాడోనన్న భయం ఒక్కటే. పిల్లలు సంచీలు వేసుకుని గేటు దగ్గర ఆటో కోసం చూస్తున్నారు. ఇవాళ్టి నుంచి స్కూటీ మీద నేనే దింపుతానని చెప్పాను.

"తాత ముసలోడైండా?" అని పెద్దది అడిగింది.

"కాలే. పని మారుస్తుండు."

"ఏం పని?"

"నాకు తెల్వది బిడ్డ. ఆయన్నే అడుగుండ్రి. ఎనుక నుంచి పిలువకుండ్రి. ఎదురుంగ నిలవడి అడుగుండ్రి, చెప్తడు."