నాలుక కింది గులకరాయి

మణుగూరు బస్టాండులో ఉన్న నా చాయ్ హోటల్‌కు బొజ్జయ్య వచ్చాడంటే మిగతావాళ్ల నోళ్లు మూతపడాల్సిందే. బస్సులు లేని రోజుల్లో టపా సంచి భుజాన వేసుకొని ఈ అడవి దారుల్లో పరుగెత్తిన మనిషి. ఆయనకున్న ఆస్తంతా ఆ గొప్పే.

"ఇమాంబీ, ఇప్పటోళ్లకు బూట్లు గావాలె, గ్లూకోజు గావాలె. మేం నాలిక కింద గులకరాయి పెట్టుకొని ఉరికేటోళ్లం. మధ్యల చుక్క నీళ్లు ముట్టకపోయేది."

"అవ్ లే, రాళ్లు తిని బతికినవ్. చాయ్ సల్లారుతుంది, తాగు," అనేదాన్ని.

తొంభై రెండు మే నెలలో బొగ్గు గనుల కాలనీలో కంపెనీవాళ్లు ఆడపిల్లలకు పరుగుపందెం పెట్టారు. గెలిచిన పిల్లకు నౌకరీ ఇస్తామన్నారు. బొజ్జయ్య కూతురు జంపక్క పేరిచ్చింది. ఆ నౌకరీ వస్తే ఎండలో బీడీలకు తునికాకు కోసే బాధ తప్పుతుందని ఆ పిల్ల ఆశ. పాపం, పందెం దాకా రోజూ పొద్దున్నే లేచి పరుగెత్తింది.

పందెం మొదలయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. నేను నీళ్ల సీసా అందించబోతే బొజ్జయ్య నా చెయ్యి తోసేశాడు.

"తాగితే కాళ్లు బరువైతయ్. మా తీరుగ ఉరకనియ్యి," అంటూ కూతురి నోట్లో గులకరాయి పెట్టాడు.

దారిలో నీళ్లు పోస్తుంటే మిగతా పిల్లలంతా ఆగి తాగారు. జంపక్క ఆగలేదు. అందరికంటే ముందుంది. బొజ్జయ్య మీసం దువ్వుతూ, "చూసినవా?" అన్నాడు. చివరి మలుపు దగ్గర ఆ పిల్ల తూలింది. నీళ్లు తాగినవాళ్లు ఒక్కొక్కరే దాటిపోయారు. జంపక్క కంకర మీద బోర్లా పడింది.

దవాఖానాలో బిగుసుకున్న పళ్లు విడదీస్తే ఆ రాయి ఇంకా లోపలే ఉంది. దాన్ని చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. "నీ గొప్ప మన్నుగాను! బిడ్డను చంపుకుంటవా?" అని వరండాలోనే అరిచాను.

సాయంత్రానికి జంపక్క కళ్లు తెరిచింది. నౌకరీ ఎవరికొచ్చిందని అడగలేదు. తండ్రి వైపు చూసి, "అయ్యా, నేను ఒక్కనాడు ఉరకలేకపోయిన. గన్ని ఏండ్లు నీళ్లు తాగకుంట నువ్వెట్ల ఉరికినవే?" అంది.

బొజ్జయ్య ఆమె కాళ్ల దగ్గర మంచం మీద కూర్చున్నాడు.

"ఎండాకాలం వాగులన్నీ ఎండిపోయేటియి బిడ్డా," అన్నాడు. "దొర్కితే నేను తాగకపోదునా?"