వైరు పీకిన తర్వాత

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకునేవాణ్ణి. వనపర్తిలో కంప్యూటర్లు బాగుచేయడం నా పని. ఏది పాడైనా ఒక కారణం ఉంటుంది, దొరకలేదంటే మనం సరిగా వెతకలేదని నా నమ్మకం. దయ్యాలు ఉన్నాయని ఇప్పుడూ అనను. గద్వాలలో మా అక్క ఇంట్లో జరిగింది మాత్రం చెబుతాను.

బావ బెంగళూరులో ఉద్యోగం చేసేవాడు. ఇంట్లో కంప్యూటర్ కొని, బ్రాడ్‌బ్యాండ్ పెట్టించాడు. మధ్యాహ్నం భోజనాల వేళ ఆయనా అక్కా మైకులో మాట్లాడుకునేవాళ్లు. వైరస్‌ల గొడవ ఎక్కువై నేనే అందులో ఫైర్‌వాల్ వేశాను. ఏ ప్రోగ్రామ్ బయటికి పోవాలన్నా, బయటి నుంచి ఏది లోపలికి రావాలన్నా అది తెర మీద అడిగేది, రానివ్వాలా ఆపాలా అని.

బావ రోడ్డు ప్రమాదంలో పోయాడు. అక్క కంప్యూటర్ మీద గుడ్డ కప్పేసింది. కూతురి చదువు కోసం కొన్నాళ్లకు మళ్లీ తీసింది. ఆ తర్వాత ఒకరోజు నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, కంప్యూటర్ ఊకె ఏందో అడుగుతుంది. జర వచ్చి చూసిపో."

వెళ్లాను. బావతో మాట్లాడటానికి వాడిన ప్రోగ్రామే బయటికి పోతానంటోంది. దానంతట అది మొదలయ్యేలా పెట్టి ఉంటారు, వింతేం లేదు. తీసేశాను. అయినా అడిగింది. వైరస్ కోసం వెతికాను, ఏమీ దొరకలేదు. విసుగొచ్చి మోడెమ్ వైరు పీకేశాను. ఆ ఇంట్లో వైర్‌లెస్ లేదు.

వైరు చేతిలో ఉండగానే తెర మీద ప్రశ్న మళ్లీ వచ్చింది. ఈసారి బయటికి పోవడం కాదు. బయటి నుంచి ఎవరో లోపలికి వస్తామంటున్నారు.

ఆపబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"రానియ్యి."

"వైరు పీకిన గదక్కా. ఎవ్వరొస్తరు?"

"ఎవరైతే ఏంది, రానియ్యి."

మౌస్ తనే నొక్కింది. స్పీకర్లలో కాసేపు గరగర. తర్వాత ఎవరో మైకులోకి రెండుసార్లు ఊదారు. మాట మొదలుపెట్టే ముందు బావ అట్లాగే ఊదేవాడట. ఆ సంగతి నాకు తెలియదు, అక్క తర్వాత చెప్పింది.

అప్పుడు మాత్రం ఆమె మైకు దగ్గరికి జరిగి, "తిన్నవా?" అని అడిగింది.

మైకును ఇంకా దగ్గరికి లాక్కుంది.

"పిల్ల పదిల పాసయ్యింది. నేను మంచిగనే ఉన్న. నువ్వు పరేషాన్ గాకు."

మరోసారి ఊదిన చప్పుడు వచ్చింది. అంతే, స్పీకర్లు మూగబోయాయి. ఆ ప్రశ్న మళ్లీ ఎప్పుడూ రాలేదు.

కంప్యూటర్‌ను వనపర్తి తెచ్చుకుని, విప్పి, వారం పాటు చూశాను. పాత శబ్దమేదో అందులో మిగిలిపోయి, ఏదో పొరపాటున బయటపడిందని సర్దిచెప్పుకోవచ్చు. కానీ మా అక్క చెప్పడం పూర్తయ్యేదాకా అది ఎందుకు ఆగిందో నాకు ఈరోజుకీ అర్థం కాలేదు.