చిట్టికి తిండి కొన్న మధ్యాహ్నం

మా కింది వాటావాళ్లు మొన్న ఒక గ్రేట్ డేన్ కుక్కపిల్లను తెచ్చుకున్నారు. పిల్ల అనడమే గాని, అది లిఫ్టెక్కితే మనుషులు మెట్లు చూసుకోవాల్సిందే. ఆ ఇంటావిడ నన్ను ఆపి, "దీనికి ఏ తిండి మంచిదండీ? మీ పిన్నిగారింట్లో ఇలాంటిదే ఉండేదటగా?" అని అడిగింది. తెలిసినంత చెప్పాను. చెబుతున్నంతసేపూ చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకునే ఉన్నాయి. ఆ తిండి ఎక్కడ, ఎలా కొన్నామో మాత్రం ఆవిడకి చెప్పలేదు.

మా పిన్నీ బాబాయీ అమీర్‌పేటలో, మెట్రో లైనుకి వెనక సందులో ఉండేవారు. ఇద్దరే. రిటైరయ్యాక బాబాయి ఏ చిలకనో పెంచుకుంటారనుకుంటే, దూడంత ఎదిగే కుక్కను తెచ్చి దానికి చిట్టి అని పేరు పెట్టారు. పిన్నికి కుక్కలంటే గిట్టదు. "ఈ రెండు గదుల్లో అదుంటుందో నేనుంటానో తేల్చుకోండి" అనేది. ఆయన నవ్వి ఊరుకునేవారు. పొద్దున్నే ఆయన కిటికీ దగ్గర నిలబడి పేపరు చదువుతుంటే, చిట్టి వచ్చి తన బరువంతా ఆయన మోకాళ్ల మీద వాల్చేది. ఆ జాతి కుక్కల ప్రేమంతా అలా ఒరిగిపోవడంలోనే ఉంటుంది. ఆయన పేజీ తిప్పడానికి కాస్త పక్కకి జరిగితే దబ్బున కింద పడేది. లేచి మళ్లీ ఒరిగేది.

చిట్టి ఆ ఇంటికి వచ్చిన కొన్నాళ్లకే బాబాయి గుండె పట్టుకుని కూలబడ్డారు. సోమాజిగూడ ఆసుపత్రిలో ఆయన ఒంటి మీది నీలం గీతల చొక్కాను కత్తిరించి తీశారు. ఆ ముక్కల్ని కవరులో పెట్టి పిన్ని చేతికిచ్చారు. మనిషిని మాత్రం దక్కించలేకపోయారు.

ఆ తర్వాత ఇంటికొచ్చిన చుట్టాలందరూ చిట్టి మీద జాలిపడ్డారు. ఒకరు పెరుగన్నం పెడితే, ఇంకొకరు ఎముకల బలానికని క్యాల్షియం పొడి కలిపారు. నెల తిరిగేసరికి దాని ముందుకాళ్లు విల్లులా వంగాయి. డాక్టరు పిన్నిని బాగా కోప్పడ్డాడు. "ఇంత పెద్ద జాతి పిల్ల నిదానంగా పెరగాలమ్మా. క్యాల్షియం ఎక్కువైతే ఎముకలు పాడవుతాయి. పెద్ద జాతి పిల్లల కోసమే చేసిన తిండి సంచుల్లో దొరుకుతుంది, వెనకాల రాసిన దినుసులు చదివి కొనండి. మొదట మాంసం పేరుండాలి, జొన్నా మొక్కజొన్నా కాదు. ఇప్పుడు సరిచేయకపోతే ఇక నడవలేదు." పిన్ని చిట్టి వంక చూసింది. "ఆయన ప్రాణం పెట్టి తెచ్చుకున్నది. దీన్ని కూడా నా చేతుల్లో పోగొట్టుకోలేనే" అంది నాతో.

మరునాడే బయల్దేరాం. ఆ రోజు బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం. ఆ జనంలో ఆటోలేవీ రాక, ఒంటరిగా వదిలితే ఏడ్చే చిట్టిని నెమ్మదిగా నడిపించుకుంటూ పంజాగుట్ట దాకా వెళ్లాం. ఆషాఢం మబ్బు, వెనకనుంచి డప్పుల మోత. బాబాయి ఎప్పుడూ కొనే దుకాణం ఫ్లైఓవర్ పక్క సందులో ఉంది. లోపల కరెంటు లేదు. చీకట్లో గోడ పొడవునా సంచులు, ప్రతి సంచి మీదా ఒక కుక్క మొహం, అన్నీ మా వైపే చూస్తున్నట్టు. నేను ఫోన్ లైటు వేసి ఒక్కో సంచి వెనకా చదవడం మొదలుపెట్టాను.

దుకాణమాయన నవ్వుతూ వచ్చాడు. "మీరు దేవులాడుడెందుకమ్మా? మీది తీసి పక్కన పెట్టిన. సార్ నిన్ననే వచ్చి పోయిండ్రు గదా. మా మేడమ్ వస్తరు, గిదే ఇయ్యి అన్నరు."

నేను నోరు తెరిచేలోపు పిన్ని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏ చొక్కా వేసుకున్నారు?"

"ఎప్పటిదేనమ్మా. నీలం గీతల చొక్కా."

సరిగ్గా అప్పుడే చిట్టి గొలుసు లాక్కుని లోపలికి నడిచింది. దుకాణం మధ్యలో ఖాళీగా ఉన్న చోట ఆగి తోక ఊపింది. తర్వాత మెల్లగా పక్కకి ఒరిగింది. అక్కడ గోడ లేదు, సంచీ లేదు, ఏమీ లేదు. అయినా అది పడలేదు. కళ్లు సగం మూసుకుని, వంగిన కాళ్లతో, బరువంతా అటే వాల్చి నిలబడింది.

పిన్ని ఆ ఖాళీ వైపే చూస్తూ అడిగింది. "ఇంకేమన్నారు?"

"ఏడాదిన్నర దాకా గిదే పెట్టమన్నరు. పొడులు గిట్ల కలపొద్దన్నరు."

"నా గురించి ఏమన్నా అన్నారా?"

ఆయన ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "లేదమ్మా. కుక్క ముచ్చటే."

"బతికున్నప్పుడూ ఇంతే" అంది పిన్ని. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. దుకాణమాయనకి ఆ మాట అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక పక్కనున్న స్టూలు మీద కూలబడి, "జర నీళ్లియ్యుండ్రి" అన్నాడు. నీళ్లు నేనే ఇచ్చాను.

ఆ సంచి వెనక చదివితే డాక్టరు చెప్పినవన్నీ ఉన్నాయి. బాబాయి ఎప్పుడో చెప్పి ఉంటారని, ఈయన రోజులు కలిపేసుకున్నాడని సర్దిచెప్పుకోబోయాను. కానీ ఆ సరుకు ఈ వారమే మొదటిసారి దిగిందన్నాడాయన.

చిట్టి ఆ తిండి ఇష్టంగా తిన్నది. కాళ్లు నెమ్మదిగా నిటారయ్యాయి. కుక్కలు గిట్టని పిన్ని దానికి కొలిచి పెట్టేది, పక్కనే కూర్చుని కబుర్లు చెప్పేది. తిండి ఇంటికి తెప్పించుకోవచ్చని ఎంత చెప్పినా వినకుండా, ప్రతిసారీ పంజాగుట్టకి తనే వెళ్లేది. లోపలికి అడుగుపెడుతూనే దుకాణమాయన మొహంలోకి చూసేది. ఆయన తల అడ్డంగా ఊపేవాడు. ఆ ఒక్కసారి తప్ప బాబాయి మళ్లీ రాలేదు.

అంత పెద్ద కుక్కలకి ఆయుష్షు తక్కువ. చిట్టి కిందటేడు, కిటికీ దగ్గర ఎండలో పడుకుని, పిన్ని ఒళ్లో తలపెట్టి పోయింది.

ఈ మధ్య పిన్నితో కలిసి ఆటోలో పంజాగుట్ట మీదుగా వెళ్లాను. ఆవిడ కొత్తగా పెట్టిన మాగాయ గురించి చెబుతోంది. దుకాణమున్న సందు వచ్చింది. నాకు తెలియకుండానే నేను అటు తిరిగి చూశాను. పిన్ని తల తిప్పలేదు, ఉప్పు కాస్త ఎక్కువైందని చెబుతూనే ఉంది. పోయినవాళ్ల కోసం మనం తలతిప్పి చూసే చోట్లని కాలం ఒక్కొక్కటిగా, చప్పుడు లేకుండా మూసేస్తుంది.