హెల్మీగారికి మాట అందించిన మా అమ్మ

వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో మా వంటింట్లో ఎవరైనా యాలకులు దంచితే ఇంటిల్లిపాదికీ సేమ్యా పాయసం గుర్తొస్తుంది. నాకు మాత్రం తడిసిన ఉన్ని కోట్లు, కొత్తగా రంగేసిన అట్టగోడలు, ముఖానికి పులుముకునే మేకప్ క్రీము, పెద్ద గిన్నెలో తెర్లుతున్న కాఫీ, అన్నీ కలిసిన ఒక వాసన మీదపడినట్టు వచ్చేస్తుంది. మా ఆయన "ఇదిగో, మళ్లీ వెళ్లిపోయింది" అంటాడు. వెళ్లిపోయే మాట నిజమే. మిషిగన్ రాష్ట్రానికి ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు ఒడ్డున, రాగి గనులు ఎప్పుడో మూతపడిన ఒక చిన్న ఊళ్లోని ఫిన్లాండు వాళ్ల హాలుకి, ఆ హాలులో వేదిక వెనకున్న ఇరుకు గదికి వెళ్లిపోతాను. అక్కడి ముసలి నటీమణులు కాఫీలో ముంచుకుని తినే నిసు అనే తియ్యరొట్టెలో దంచిన యాలకులే వేసేవారు. పల్లెటూరూ పచ్చటి చేలూ లేని బాల్యం కూడా బాల్యమేనా అని ఎవరైనా నన్ను జాలిగా చూస్తే ఒళ్లు మండుతుంది నాకు. నాకున్న బాల్యం ఎంతమందికుందో చెప్పమనండి.

నాన్నకి అక్కడి కాలేజీలో హెచ్‌వన్ వీసా మీద పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది కాబట్టి, నా ఐదో ఏట మేం ఆ ఊరు చేరాం. ఆకులు రాలీ రాలకముందే మంచు మొదలై, కిటికీల సగం దాకా పేరుకుని, మళ్లీ ఉగాది దాటాక గానీ నేల కనబడేది కాదు. పొద్దున్నే మంచు తవ్వే బండి మా వీధిలోంచి గరగరమంటూ వెళ్లడం, నాన్న పారతో కారుని వెలికి తియ్యడం, బడికి సెలవని రేడియోలో చెప్పగానే నేను దుప్పట్లోంచి కేక పెట్టడం, అదీ మా ప్రభాతం. అమ్మది తెనాలి. డిపెండెంట్ వీసా కనక ఉద్యోగం చెయ్యకూడదు, కారు నడపడం రాదు, మాట్లాడదామంటే చుట్టుపక్కల తెలుగు మొహం లేదు. "నిక్షేపంలాంటి తెనాలి మనిషిని తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టారు" అని నాన్నని దెప్పుతూ, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఎదురింటి కేసి చూస్తూ కూచునేది. ఆ ఎదురిల్లు ఇల్లు కాదు, ఫిన్లాండు వాళ్ల హాలు.

గనుల్లో పనికోసం ఫిన్లాండు నుంచి వచ్చినవాళ్లు కడుపునిండా తినీ తినకముందే కట్టుకున్న నాటకశాల అది. వాళ్ల కూతుళ్లలో ఆ హాలులో ఆడి పేరు తెచ్చుకున్నవాళ్లు, నేను చూసేనాటికి, డెబ్భై దాటిన ముగ్గురు మిగిలారు. అందరిలోకీ హెల్మీగారు పెద్ద నటి. వయసులో ఉండగా తెల్లారకముందే ఆవుల పాలు పిండి, పగలంతా లాండ్రీలో ఇస్త్రీ చేసి, సాయంత్రానికి రాణిలా వేదిక ఎక్కేదట. రంగు తెరలు చాపల్లా చుట్టి లారీ మీద కట్టుకుని, మంచులో మిన్నసోటా దాకా పోయి, గని ఉన్న ప్రతి ఊళ్లోనూ ఆడి వచ్చేవారు. ఒకసారి చికాగో కంపెనీ వాళ్లెవరో రమ్మంటే హెల్మీగారు ఒక చలికాలం పోయి, వెళ్లినంత వేగంగానూ తిరిగొచ్చేసింది. ఎందుకొచ్చారని అడిగితే "ఇంగ్లీషులో ఏడుపు రాలేదే నాకు" అని నవ్వేది. రెండో ఆవిడ ఇంపీగారు తాటిచెట్టంత పొడుగు. మగవాళ్లు గనిలోనో అడవిలోనో షిఫ్టుల్లో ఉండేవాళ్లు కాబట్టి మగవేషాలన్నీ ఆవిడవే. పెళ్లికొడుకు వేషంలో ఆవిణ్ణి చూసి మనసు పారేసుకున్న ఆడపిల్లలు ఆ చుట్టుపక్కల చాలామందేనట. మూడో ఆవిడ ఆవునేగారు హాస్యపాత్రలు వేసి వేసి, మామూలుగా తలుపు తీసుకుని లోపలికి వచ్చినా జనం నవ్వేసేవారు. కాఫీ పెట్టే బాధ్యత ఆవిడది.

అమ్మకీ వాళ్లకీ స్నేహం కలిపింది జున్ను. హెల్మీగారి తమ్ముడి దొడ్లో ఆవు ఈనితే, మొదటి రోజుల పాలు పళ్లెంలో పోసి పొయ్యిలో కాల్చి, కొత్తగా వచ్చినవాళ్లని మాకు ఓ ముక్క పంపారు. అమ్మ నోట్లో పెట్టుకుని "ఓసి నా తల్లో, జున్నే!" అని, చెప్పుల్లేకుండానే మంచులో రోడ్డు దాటి పరిగెత్తింది. ఆ పూట నుంచి అమ్మ కుర్చీ హాలు వంటగదిలోకి మారింది. అమ్మ వాళ్లని హెల్మీగారూ, ఇంపీగారూ అని పిలిచేది. గారు అంటే మన భాషలో నటి అని కాబోలు అనుకుని, ముగ్గురూ కొన్నాళ్లు తెగ సంబరపడ్డారు. నేను మాత్రం వాళ్ల పద్ధతిలో ముమ్మో అనేదాన్ని, అంటే అమ్మమ్మ అని.

ఏటా నడివేసవి పండుగకి, సరస్సు ఒడ్డున పెద్ద మంట వేసే రోజున, మధ్యాహ్నం హాలులో ఒకే నాటకం ఆడేవారు. గనిలో పనిచేసిన ఒకాయన ఎప్పుడో రాసింది, అచ్చు కాలేదు. ఒక పెంకి పిల్ల పెళ్లి కథ. ఆ ఊరి ఆనవాయితీ ఏమిటంటే, నటి వయసుతోపాటు ఆ నాటకంలోనే పైకి జరుగుతుంది. పదహారేళ్లకి పెళ్లికూతురు, తరవాత వదిన, ఆ తరవాత అత్త, చివరికి మనవరాలిని దీవించే నాయనమ్మ. కాబట్టి వాళ్లకి అందరి మాటలూ వచ్చు. అయినా మాట అందించేవాళ్లు లేకుండా తెర లేపడం ఆ హాలులో లేదు. వేదిక ముందుభాగాన నేలలో ఒక గొయ్యి, దాని మీద చిన్న గూడు, అందులో కూచుని కాగితాలు చూస్తూ అందించాలి. ఆ పనిచేసే ముసలాయన కొడుకు దగ్గరికి ఫ్లోరిడా పోయేసరికి వాళ్లకి దిక్కు తోచలేదు. మనవలకి ఫిన్నిష్ రాదు, చదవమంటే ఇంగ్లీషులా నమిలేసేవారు.

ఒకరోజు అమ్మ గోడ మీది పాత పోస్టరు ఊసుపోక పైకి చదివింది. తెలుగు చదివినట్టే, ఏ అక్షరాన్నీ మింగకుండా, ఒత్తులున్నచోట ఒత్తి, దీర్ఘాలున్నచోట సాగదీసి. వెనకాల కప్పులు కడుగుతున్న హెల్మీగారి చేతులు ఆగిపోయాయి. "ఎవరు నేర్పారు నీకు?" అంది. "నేర్పేదేముందండీ, రాసింది రాసినట్టు చదివా" అంది అమ్మ. ఆ వారమే అమ్మకి అమెరికాలో మొదటి ఉద్యోగం వచ్చింది. జీతం నిసు రొట్టె.

నాన్న ఆఫీసు ప్రింటవుట్ల వెనక తెల్లవైపు నాటకమంతా తెలుగు అక్షరాల్లో రాసుకుంది. తెలుగులో లేని రెండు మూడు అచ్చులకి నెత్తిన చుక్కలు పెట్టుకుంది. అంట్లు తోముతూ, నాకు జడలేస్తూ, స్నానానికి నీళ్లు పడుతూ వల్లించేది. అర్థం హెల్మీగారు సీను సీనుకీ చెప్పింది కానీ మాట మాటకీ తెలియదు. సహస్రనామాలు మాత్రం అర్థం తెలిసే చదువుతున్నామా అనేది అమ్మ. పొద్దున ఇడ్లీ పిండి కలుపుతూ మా అమ్మ ఫిన్నిష్ పెళ్లికూతురి సరసాలాడటం విన్న పిల్లని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నన్ను ఇంట్లో ఒంటరిగా వదలలేక ఆ గొయ్యిలోకే తీసుకెళ్లి తన పక్కన మెట్టు మీద కూచోబెట్టేది. అక్కణ్ణించి నాకు ముందు కాళ్లు కనిపించేవి. ఇంపీగారి పడవలాంటి బూట్లు, ఆవునేగారి వాచిన చీలమండలు, హెల్మీగారి నల్లటి బొత్తాల చెప్పులు. హెల్మీగారు అమ్మకి నేర్పిన మొదటి సూత్రం, వాక్యం అందించకూడదు, మొదటి మాట చాలు. రెండోది, నటి ఆగితే మరిచిపోయిందో, కావాలని ఆగిందో ఆవిడ ఊపిరి చూసి తేల్చుకోవాలి. అమ్మ వాళ్ల మొహాలు చూస్తుంటే నేను అమ్మ మొహం చూసేదాన్ని. తెనాలిలో పందిట్లో ముందు వరసలో కూచుని పద్యనాటకాలు చూసిన పిల్ల ఎలా ఉండేదో నాకు అప్పుడే తెలిసింది.

నాకు పదేళ్లొచ్చే వేళకి హెల్మీగారు మరిచిపోవడం మొదలుపెట్టింది. పొయ్యి మీద గిన్నె మాడేది. కూతురు కారెన్‌ని చచ్చిపోయిన చెల్లెలి పేరుతో పిలిచేది. కారెన్ బడిపంతులమ్మ, చెడ్డదేం కాదు, తల్లి నలుగురిలో నవ్వులపాలు కాకూడదని ఆరాటం. ఈ ఏడు తల్లికి వేషం వద్దంది. హెల్మీగారు వినలేదు. చివరికి కారెన్ ఒక షరతు పెట్టింది. తెర తాడు తనే పట్టుకుంటుంది, తల్లి తడబడితే ఆ క్షణాన దించేస్తుంది. ఆ హాలు కట్టింది మొదలు ఏ నాటకానికీ మధ్యలో తెర పడలేదు. హెల్మీగారు మా వంటింట్లోకి వచ్చి, అమ్మ చెయ్యి పట్టుకుని, "నేను ఎలా ఆడినా పర్లేదు, తెర మధ్యలో పడకూడదు. అదొక్కటి చూడు" అంది. అమ్మ ఆ రాత్రి కాగితాలన్నీ మళ్లీ మొదటినుంచి వల్లించింది.

నాటకం రోజు హాలు కిటకిటలాడింది. ముసలివాళ్లు ముందు వరసల్లో, భాష రాని కొడుకులూ మనవలూ వెనక. రెండు అంకాలు నల్లేరు మీద బండిలా సాగిపోయాయి. మూడో అంకంలో నాయనమ్మ కుర్చీలోంచి పెళ్లికూతురి తల మీద చెయ్యి పెట్టి దీవించాలి. పెళ్లికూతురు వేసింది హైస్కూలు పిల్ల, మాటలన్నీ బట్టీపట్టి వచ్చింది. హెల్మీగారు ఆ పిల్ల తలమీది పూలకిరీటం కేసి చూసింది. చూస్తూ చూస్తూ లేచి నిలబడి, పెళ్లికూతురు మొదటి అంకంలో చెప్పే మాటలు మొదలుపెట్టింది. గొంతు కూడా ముసలి గొంతు కాదు.

వేదిక పక్కన చాటుగా నిలబడ్డ కారెన్ చేతులు తాడు మీద బిగుసుకోవడం నాకు కనిపించింది. అమ్మ గూట్లోంచి సగం పైకి లేచి, చెయ్యెత్తి, ఎక్కడున్నదీ మరిచిపోయి "ఆగు కారెన్, లాగమాక!" అని పక్కా తెనాలి తెలుగులో గసిరింది. కారెన్‌కి అర్థమైందో, భయమే వేసిందో, తాడు లాగలేదు. అప్పటికి హెల్మీగారి మాట తెగింది, మొహం తెల్లబోయింది. ఇప్పుడు దీవెన మాట అందిస్తే ఆవిడకి తను తప్పినట్టు తెలిసిపోతుంది. అమ్మ కాగితాలు తిప్పను కూడా తిప్పలేదు, పెళ్లికూతురి తరవాతి మాటే అందించింది. హెల్మీగారు అందుకుంది. వెంటనే అమ్మ పక్కకి తిరిగి, అత్త వేషంలో ఉన్న ఇంపీగారికి పెళ్లికొడుకు మాట అందించింది.

ఇంపీగారు ఒక్క క్షణం కిందికి, మా కేసి చూసింది. తలగుడ్డ విప్పి కుర్చీ మీద పడేసి, ఆ పడవ బూట్లతో ముందుకి నడిచి, మగగొంతుతో జవాబు చెప్పింది. ఇద్దరు ముసలమ్మలు ఒకరినొకరు ఏడిపించుకుంటూ, అలుగుతూ, కొంగు లాక్కుంటున్నట్టు ఆప్రాన్ లాక్కుంటూ ఆ సీనంతా ఆడారు. ముందు వరసల్లో ముసలివాళ్లు వెక్కివెక్కి ఏడుస్తున్నారు. వెనక వరసలవాళ్లు ఇదంతా నాటకంలోదే అనుకుని పడీపడీ నవ్వుతున్నారు. సీను అయ్యాక అమ్మ మెల్లిగా దీవెనలోని మొదటి మాట అందించింది. హెల్మీగారు అటూ ఇటూ చూసి, తన కుర్చీలోకి తనే వెళ్లి కూచుని, హైస్కూలు పిల్లని పిలిచి, తల మీద చెయ్యి పెట్టి, ఒక్క మాట పోకుండా దీవించింది. కారెన్ తెర దించింది, దించాల్సిన చోట.

లోపలికి వెళ్లాక హెల్మీగారు మేకప్ తుడుచుకుంటూ, "మధ్యలో పడిందా?" అని అడిగింది. "లేదండీ, చివర్నే పడింది" అంది అమ్మ. ఆవిడ తృప్తిగా తలూపి కాఫీ అడిగింది. కారెన్ మా అమ్మని కావిలించుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ చలికాలంలోనే హెల్మీగారు పోయింది. తరవాత నాన్నకి ఉద్యోగం మారి మేం వర్జీనియా వచ్చేశాం. ఇంపీగారు, ఆవునేగారు ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఒక ఏడు మంచు బరువుకి హాలు కప్పు కూలింది, బీరువాలో నాటకం కాగితాలు నానిపోయాయి. అమ్మ రాసుకున్న ప్రింటవుట్లు ఇల్లు మారడాల్లో ఎక్కడ పోయాయో తెలియదు. హైస్కూలు పిల్లకి పెళ్లికూతురి మాటలు ఒక్కటీ గుర్తులేవట. ఒక ఊరు ఊరంతా ఏడ్చి నవ్విన నాటకం ఈ భూమ్మీద లేకుండా పోయిందనుకున్నాం. ఇన్నేళ్లలో నేను దాన్ని తలుచుకోని నెల లేదు. పని చెయ్యడానికి వీల్లేదని మా అమ్మకి ఒక దేశం చెప్తే, నువ్వు లేకపోతే మాకు తెర లేవదని ఆ ముసలమ్మలు చెప్పారు. ఆ ఒక్కదానికి వాళ్లకి నేను జన్మంతా దణ్ణం పెట్టుకుంటాను.

మొన్న శనివారం కారెన్ వీడియో కాల్ చేసింది. ఇప్పుడు ఆవిడకి అప్పటి హెల్మీగారి వయసు. మనవరాలు ఫిన్నిష్ నేర్చుకుంటోందట, ఆ దీవెన ఎవరికైనా గుర్తుందేమోనని అడుగుతోందట. "ఎవరూ లేరు, ఊరికే నిన్ను అడుగుదామని" అంది నసుగుతూ. అమ్మ చేతిలో కూరగాయల కత్తి కింద పెట్టింది. గొంతు సవరించుకోను కూడా లేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఎక్కడా ఆగకుండా అని కాదు, ఆగాల్సిన ప్రతిచోటా ఆగుతూ చెప్పింది. నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. తెర మీద కారెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"అది మా అమ్మ గొంతు," అంది. "సేమ్ మా అమ్మ గొంతు."

"మరింకెవరిదే తల్లీ," అంది అమ్మ. "నాకెక్కడిది ఫిన్నిష్? ఆవిడ ఎట్లా అంటే అట్లా పట్టుకున్నా, అంతే. ఊఁ, కళ్లు తుడుచుకుని నా వెనకాల అను."